పదిహేడో నంబరు

హాలియాలో పాత ఇనుము తూకం కాడ దొరికింది,
కిలో ముప్పై రెండు లెక్కన.
నాలుగు హార్న్‌లు. ఒకదాంట్లో కందిరీగల గూడు,
ఇంకోదాంట్లో ఎవరో దాచి మరిచిన బీడీల కట్ట.
"మోటారేది?" అన్నాడు కాంటా జానయ్య.
లేదు. ఇది తిరుగుతూ అరిచేది కాదు,
నిలబడి అరిచేది.
రాగి తక్కువని తెలిసి మొహం ముడుచుకున్నాడు.

ప్రాజెక్టు గేట్లు లేపేముందు మోగేదట.
రేకు మీద కంపెనీ పేరు గీకేసి ఉంది,
చివర "ట్రానిక్స్" మిగిలింది, దాని కింద పదిహేడు.
మూడు బటన్లు. రెండింటికి రాతలున్నాయి,
మూడోదాని మీద బొటనవేలి అరుగుదల తప్ప ఏమీ లేదు.

రేడియోలు విప్పి బతికినవాణ్ని.
మనిషి వయసు చెప్పలేను గాని
బోర్డు వయసు చెబుతాను.
ట్రాన్సిస్టర్ల వీపు మీద నాలుగంకెలుంటాయి,
ఏడూ, వారమూ.
అన్నిట్లో ఆఖరిది ఎనభై నాలుగు, ముప్పై ఎనిమిదో వారం.
అంటే ఆ ఏడు తంగేడు పూతకొచ్చే దాకా
ఇది పుట్టలేదు.

స్టోర్ రిజిస్టరులో చెదలు వదిలిన పేజీల్లో
పద్నాలుగు ఉంది, పదిహేను ఉంది, పదిహేడు ఉంది.
పదహారు లేదు.
నెల రోజులు ఆ పదహారు నన్ను నిద్రపోనియ్యలేదు.
బాలానగర్ పోయాను. ఆ షెడ్డులో ఇప్పుడు పరుపులు కుడుతున్నారు.
దూదిలో మునిగిన వాచ్‌మన్ ఒక పేరు చెప్పాడు,
దేవరకొండలో చర్చి వెనక ఇల్లు.

ఫిలోమినమ్మ బోర్డును అంచులు పట్టుకునే అందుకుంది.
నలభై ఏళ్ల తర్వాత కూడా, అంచులే.
అద్దాలు పైకి తోసి చూసింది:
"ఈ టాకా నాది గాదు, సుభద్రది.
నాది గింత లావుండదు."

మొదటి ఆరిటికీ రెండు గొంతులుండేవట,
ఎక్కుతూ దిగుతూ.
సినిమా బండి వచ్చిందని పిల్లలు
ఏటి ఒడ్డుకే ఉరికారని
ఏడో దానినుంచి ఒకటే గొంతు చేశారు.
పన్నెండో దానినుంచి లోపల బ్యాటరీ.
"వాన వడ్డప్పుడే గద కరెంటు వొయ్యేది.
గీ ముచ్చట తెల్వనీకె పదకొండు చేసినం."

మరి పదహారు?
ఆమె కుడి చెవి నా వైపు తిప్పింది.
ఎడమది టెస్టింగ్ బెంచీకి ఇచ్చేసింది.
"బొంబాయి నుంచి సామాన్లు రాలే.
వానలు ముందట వడ్డయి, సార్లు తొందర వెట్టిన్రు.
పదహారును ఇప్పి పదిహేడు చేసినం బిడ్డా.
గది నీ చేతులనే ఉన్నది."

బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకున్నాను.
కిందపెడితే ఇద్దరికి దెబ్బ తగులుతుందనిపించింది.
ఇరవై మూడుతో ఆగిపోయిందట కంపెనీ.
ఎందుకో అడగడం మరిచాను.

కొత్త కెపాసిటర్లు తొమ్మిది, లారీ బ్యాటరీ ఒకటి.
హార్న్‌లలో బొంత కుక్కి, షట్టరు దించి,
మొదటి బటన్ ఒక్క క్షణం నొక్కాను.
ఒక్క క్షణమే.

షట్టరు మీద గుద్దులు.
ఈదమ్మ. వాగులో బట్టలుతికి ముసలైన మనిషి.
మనవడి రెక్క పట్టుకుని గుంజుకొచ్చింది,
పిల్లోడి నోట్లో ఇంకా అన్నం ముద్ద.
వాగులో ఆ నెల చెంబుడు నీళ్ళు లేవు.
"ఎన్ని గేట్లు లేపిన్రు?"

లేదమ్మా, నేనే, ఊకెనే, పాత మిషను, అన్నాను.
ఆమె మిషను వైపు చూసింది, నా వైపు చూడలేదు.
"గట్లయితే పోయిందని ఊదు.
పోయిందని ఊదకుండ ఇంటికెట్ల వోవాలె?"

బొంత బయటికి లాగాను.
రాతలేని మూడో బటన్ మీద
అరిగిన చోట
నా బొటనవేలు సరిగ్గా కూర్చుంది.